అనుబంధం ఏడు

కాయానీ ఊళ్ళో బస్సు నడిపే హిల్క్కా వార్తియాలా
పంపిన ఫిర్యాదు హెల్సింకీలో నా బల్ల మీదికి వచ్చేసరికి
దానికి ఆరు అనుబంధాలున్నాయి.
రసీదు. గోడకి బిగించిన తెల్లటి హీటర్ ఫోటో.
షరతులు రెండు ప్రతులు, ఒక్కోటి అరవై ఒక్క పేజీలు:
కొన్ననాటివి,
కంపెనీ చేతులు మారాక వచ్చినవి.
రెండూ పక్కపక్కన పరిచి తేడా వెతకడానికి
నాకు ఒకటిన్నర రోజు పట్టింది.
చదివినందుకు జీతం తీసుకునేవాణ్ణి నేను.

తేడా ఇదీ:
తెల్లవారుజామున నాలుగింటికి దానంతటది మేలుకుని
ఇల్లు వెచ్చబరిచే పని
ఇదివరకు యంత్రం ధరలోనే ఉండేది.
ఇప్పుడు నెలకి నాలుగు యూరోల తొంభై సెంట్లు.
ఇష్టం లేకపోతే?
నలభై నాలుగో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో:
"వాడుక కొనసాగించడమే సమ్మతి."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నవాళ్ళు
కొన్న తర్వాత సంగతి చెప్పకుండానే పోయారు.

జనవరి. బయట మైనస్ ఇరవై ఆరు.
ఆ వాక్యం రాసిన వకీలు
ఎంత వెచ్చని గదిలో కూర్చుని రాశాడో.
ఊపిరి పీలిస్తే ఒప్పుకున్నట్టే అని కాగితం చేతికిచ్చి
మనిషి తలని నీళ్ళలోకి నొక్కినట్టుంది.

హిల్క్కా ఫోన్ చేసింది.
ఒకటి నొక్కమంది గొంతు, మూడు నొక్కమంది.
వద్దు అనడానికి అంకె లేదు.

అప్పుడామె,
రాత్రి ఆఖరి ట్రిప్పు దింపి ఇంటికొచ్చి,
రిమోట్‌తో హీటర్ ఆపింది.
తీగ పీకలేదు. అది గమనించాలి.
యంత్రం పడుకున్నా దాని కన్ను పడుకోదని,
గదిలో ఎంత చలి ఉందో
పావుగంటకోసారి కంపెనీకి చాడీ చెబుతూనే ఉంటుందని
ఆమెకి తెలుసు.
యూనిఫాం కోటు విప్పకుండా, రెండు దుప్పట్లు కప్పుకుని,
వంటింటి కుర్చీలో కూర్చుంది.

పదకొండింటికి పంతొమ్మిది.
ఒంటిగంటకి పదమూడు.
మూడింటికి తొమ్మిది.
ఐదింటికి ఆరు.
ఇది అనుబంధం ఆరు. కంపెనీ సర్వర్లోంచే, చట్టం పేరు చెప్పి
ఆమె అడిగి తెప్పించుకున్నది.
ఇంత స్పష్టంగా ఎవరైనా కాదనడం
నా పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో చూడలేదు.

"పొద్దున మళ్ళీ వాడిందిగా" అని కంపెనీ జవాబు.
వాడింది. డబ్బిచ్చి కొనుక్కున్నదాన్నే వాడింది.

ఏడోది తర్వాత, విడిగా వచ్చింది.
ఫోటో. ఐదూ పన్నెండుకి తీసింది.
వంటింటి కిటికీ అద్దానికి లోపలివైపు పేరుకున్న మంచు,
దాని మీద గోటితో గీసిన మాట.
కాదు అని.
వాళ్ళ భాషలో రెండే అక్షరాలది, తొందరగా అయిపోతుంది;
ఆమె మాత్రం నిదానంగా రాసినట్టుంది,
అక్షరాల వెనక వీధి దీపం పచ్చగా కనబడుతోంది.
హీటర్ తిరిగి వేసింది ఐదున్నరకి.

తిరస్కారం రాతపూర్వకంగా ఉండాలంటాయి షరతులు.
మంచు కాగితం కాదని ఎక్కడైనా ఉందా అని
రెండు ప్రతులూ మళ్ళీ మొదటినుంచీ చూశాను.
లేదు.

మా మండలి మాట సిఫార్సే, ఆజ్ఞ కాదు.
కంపెనీ వినొచ్చు, వినకపోనూవచ్చు.
ఈలోగా ఆ మాట కరిగి
కిటికీ గట్టు మీదికి కారి ఉంటుంది.
ఆమె గుడ్డతో తుడిచి, కాసేపు పడుకుని,
మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళి ఉంటుంది.

నష్టపరిహారం గడిలో ఆమె అడిగింది ఒక్కటే:
ఆ రాత్రి మేలుకోవడానికి తాగిన కాఫీ,
ఒక యూరో ఇరవై సెంట్లు.
అది కూడా ఇప్పించమని రాశాను.