నోరు మెదపని మధ్యాహ్నం

గుత్తి ఆర్‌ఎస్‌లో జెరాక్స్ అంగడి వెనక గది.
ఫ్యాను తిరుగుతాంది, గాలి మాత్రం
రైల్వే గేటు కాడే నిలబడిపోయింది.
మాబున్ని ముందర ఏమీ లేని ల్యాప్‌టాప్.
ఏమీ లేనిదే కావాలని నేనే అడిగి తెప్పించినా.
నా చేతిలో నోటుబుక్కు.
ఈ పొద్దు నా పని ఒకటే,
చెప్పకుండా ఉండడం.

బోర్లలో నీళ్ళు ఏ లోతున ఉండాయో
వచ్చే ఎండాకాలానికి యాడికి దిగుతాయో
లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇది.
ఒకరి సొత్తు కాదు, ఎవరైనా చెయ్యి వేయొచ్చు.
వేసినోళ్ళు పదకొండు మంది.
వేద్దామని వచ్చి గడప కాడే తిరిగిపోయినోళ్ళు
ఎంతమందో ఏ లెక్కలోనూ లేదు.

ఆ గడప నేను కట్టిందే.
మూడేండ్ల కిందట, ఒక రాత్రి, అరగంటలో.
"ఇన్‌స్టాల్ చేయడం చాలా సులభం"
అని మొదలుపెట్టినా.

మూడో వాక్యం కాడ మాబున్ని ఆగింది.
"ఫోల్డర్‌లోకి పోండి అని రాసుండాది.
ఏ ఫోల్డరక్కా?"
జవాబు నాలుక కొసకొచ్చింది. కరుచుకున్నా.
బుక్కులో రాసుకున్నా: మూడు. ఏ ఫోల్డరు?

చౌడప్ప గుర్తొచ్చినాడు.
పెద్దవడుగూరు దారిలో కొలత బావి యాడని అడిగితే
"నేరుగా పోయి మిల్లు కాడ ఎడమకు తిరుగు మా" అన్నాడు.
మిల్లు లేదు.
ఎప్పుడో కూలితే, మొండి గోడల రాళ్ళు కూడా ఎవరో తోలుకుపోయినారు.
ఆయప్ప కండ్లలో మాత్రం అది ఇంకా ఆడతానే ఉండాది.
రెండు గంటలు ఎండలో తిరిగి
ఆయప్పను ఎన్ని తిట్టుకున్నానో.
ఇప్పుడు చూస్తే
నేను రాసిన పేజీ నిండా మిల్లులే.

ఐదో వాక్యం. తెర నిండా ఎర్ర అక్షరాలు.
మాబున్ని భుజాలు ముడుచుకుంది.
"నేనేందో తప్పు చేసినట్టుండా" అంది, మెల్లగా.
లేని మెట్టు మీద కాలు పెట్టి పడినోళ్ళు
మెట్టును అనరు, తమ కాలునే అంటారు.
ఏదో పాత లైబ్రరీ ముందే ఉండాల.
నా మిషన్లో అది ఎప్పటి నుంచో ఉండాది,
ఉన్న సంగతే నాకు తెలీదు.

ఏడో వాక్యం. డౌన్‌లోడ్ అరవై రెండు శాతం కాడ ఆగింది.
కరెంటు పోలేదు.
ఫోన్ తిప్పి చూపించింది, ఈ రోజుకు డేటా అయిపోయింది.
రెండు జీబీల పైన ఉంటాదని
మాలో ఒక్కరమూ రాయలేదు.
రాసినోళ్ళెవరికీ డేటా అయిపోదు.

మిరపకాయ బజ్జీలు తెప్పించి, పెన్ను ఆమెకిచ్చినా.
నువ్వే రాయి, నేను రాస్తే మళ్ళా మిల్లే వస్తాది.
నూనె చేతులు చున్నీకి తుడుచుకొని రాసింది:
"రాత్రి పన్నెండు దాటినాక మొదలుపెట్టండి,
అప్పుడు కొత్త డేటా వస్తాది.
ఫోను చార్జింగులో పెట్టుకోండి."
కొంచెం ఆగి, పై నుంచి చదివి,
"సులభం అనే మాట తీసేద్దామక్కా,
కాకపోతే మనసు చిన్నబోతాది."

ఆ మార్పులు పంపితే
ఎక్కడో చలిదేశంలో ఉండే మా పెద్దాయన అడిగినాడు,
ఈ పన్నెండు గంటల వాక్యం నిజంగా అవసరమా అని.
ఆ అరవై రెండు శాతం ఫోటో పంపినా.
మళ్ళా మాట్లాడలేదు, కలిపేసినాడు.

మూడో రోజు రాత్రి ఒంటిగంటకు ఫోను మోగింది.
"వచ్చిందక్కా! పద్నాలుగో నంబరు బోరు కనపడతాంది."
నేను లేచి కూర్చునే లోపల ఇంకో మెసేజీ:
"కానీ దాని లోతు తప్పు.
అది మా మామ చేను గట్టునే ఉండాది.
నాలుగొందల అడుగులు కాదు, ఆరొందల పది.
ఎట్ల దిద్దాల?"

ఎట్ల దిద్దాలో చెప్పే పేజీ ఇంకొకటుండాది.
అదీ నేను రాసిందే.

చీకట్లోనే
నోటుబుక్కు కోసం తడుముకున్నా.