గురువారం, గుమ్మడికాయ

బంతులాట క్లబ్బు తాళంచెవి నా దగ్గరుంటుంది
కాబట్టి ముందొచ్చేదీ నేనే, చివర గిన్నెలు తోమేదీ నేనే.
గోడ మీద బహుమతి కొట్టిన ఎడ్ల ఫోటోలు,
కింద నాలుగు బల్లలు, రెండు గ్యాస్ పొయ్యిలు.
మాంసం లేకుండా వంట నేర్పుతామంటే
ఉరుగ్వేలో, అందులోనూ ఈ ఊళ్ళో, ఎవరొస్తారు?
నది ఒడ్డున డబ్బా మాంసం ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్ళు.
వానొస్తే ఇటుకల్లోంచి ఇంకా ఆ వాసన లేస్తుంది.

పదకొండు మంది వచ్చారు.
సగం మందిని డాక్టరు పంపాడు,
ఇద్దర్ని కూతుళ్ళు తరిమారు.
నెలీదా ఊరికే వచ్చింది,
వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న:
"కోడి కూడా మాంసం కిందికే వస్తుందా?"

పాఠం చెప్పే పిల్ల పేరు ఇరుపే.
ఆస్పత్రిలో ఉద్యోగం. కొప్పులో పెన్సిలు గుచ్చుకుంటుంది.
ఉప్పు ఎంతో చెప్పదు,
"నాలుకనడగండి" అంటుంది.

వాషింగ్టన్ ఒలివేరా,
ముప్పై ఏళ్ళు ఎముకల మీంచి మాంసం ఒలిచినవాడు,
కాలీఫ్లవర్ని ముందు పెట్టుకుని
కీలు ఎక్కడుందో వేలితో వెతికాడు.
దొరికింది.
ఒక్క పువ్వూ నలగకుండా
ముక్కలన్నీ వరసగా పరిచి
అలవాటు కొద్దీ కత్తిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.
తుడవడానికి కత్తి మీద ఏమీ లేదు.

మూడో గురువారం
ఇరుపే సంచీలోంచి గుమ్మడికాయ తీసింది.
మొక్కజొన్న, చిక్కుడు గింజలు, ఒక చిలగడదుంప.
"ఈ కూర ఎవరికైనా తెలుసా?"
గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకున్నట్టు
నేను తల దించుకున్నాను.

తెలుసు.
సమ్మె ఏడాది నాకు తొమ్మిదేళ్ళు.
జీతాల్లేని ఐదు నెలలూ
మా ఇంట్లో పొద్దునా ఇదే, రాత్రీ ఇదే.
కిటికీలు మూసి తినేవాళ్ళం.
ఆదివారం మాత్రం అమ్మ ఒక కిటికీ తెరిచి
దాచుకున్న కొవ్వు ముద్దలోంచి
గోరంత గిల్లి నిప్పుల మీద వేసేది.
చుయ్యిమనేది.
వీధిలోకి పోయేది పొగ,
మా పరువు మోసుకుంటూ.
మేం చప్పుడు కాకుండా
గుమ్మడికాయ మింగేవాళ్ళం.

ఇదంతా చెప్పాలనుకోలేదు.
గరిటె తిప్పుతుంటే నోరు జారింది.

గది నిశ్శబ్దమైపోయింది.
మాతే బుర్ర ఎవరి చేతిలో ఉందో అక్కడే ఆగింది.
ఒలివేరా అద్దాలు తీశాడు.
"మీది వంతెన పక్క పచ్చ తలుపు ఇల్లు కదూ?
మేం ఎదురు సందులో ఉండేవాళ్ళం.
ఆదివారాలు మా అమ్మ మీ కిటికీ వైపు చూసి
వాళ్ళకెలా దొరుకుతోందో అని ఏడ్చేది.
నేను మాత్రం మెట్ల మీద కూచుని
ఆ వాసన నంజుకుని
ఎండు రొట్టె తినేవాణ్ణి."

నాకు ఏమనాలో తెలియలేదు.
అరవై ఏళ్ళ తర్వాత
గోరంత కొవ్వుకి క్షమాపణ ఎలా అడగాలి?
అతనికి కూర పెట్టాను.
ఇంకో గరిటె పెట్టాను.
చాలనలేదు.

ఇరుపే కాగితం మీద ఏదో రాసుకుంటోంది.
కొలతలేమో అనుకున్నాను.
తర్వాత చూస్తే కిటికీ బొమ్మ.
ఆవిరి ఎక్కువైందని ఎవరో లేచి
నిజం కిటికీలు రెండూ తెరిచారు.
ఏ కొవ్వూ కలవని గుమ్మడి వాసన
ఎడ్ల ఫోటోల పక్కనుంచి
దర్జాగా వీధిలోకి నడిచింది.
బయట బస్సు కోసం నిలబడ్డ కుర్రాడు
తల ఇటు తిప్పాడు.

"కోడి సంగతి తేల్చలేదు," అంది నెలీదా.

వచ్చే వారం శనగలట.
ముందు రాత్రే నానబెట్టాలట.
తాళం వేసి ఇంటికొచ్చాను.
బుధవారం ఇంకా ఆరు రోజులుంది.
అయినా డబ్బా దించి చూసుకున్నాను,
నాకు సరిపడా ఉన్నాయి.
రేపు ఇంకో శేరు కొంటాను.