నడుస్తది

పర్మనెంటు పరీక్షల ఇంగ్లీషు పేపరున్నదని
లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందుల
ఆగ్నెస్ టీచరు దగ్గర చేరిన.
ఫీజు వద్దన్నది.
నెలకోసారి మీటరుకు ఎట్లాగూ వస్తవు,
వారానికోసారి మాటకు రా, అన్నది.

నేను కరెంటు మీటర్లు చదివేదాన్ని.
చిలకలగూడ మెట్లు, మెట్టుగూడ ఎత్తు,
సీతాఫల్‌మండి సందులు,
అన్నీ నా చెప్పుల అడుగున అరిగి ఉంటయి.

మొదటి పాఠం, పార్కుల నడక.
అంటే అల్కగ అయ్యే పనట.
పార్కుల నేనెన్నడు నడవలేదు టీచర్,
గోడకవతల నుంచి చూసిన.
తెల్ల బూట్ల సార్లు చేతులూపుకుంట
ఉరుకుడు కాదు నడుసుడు కాదు, ఏందో చేస్తుంటరు.
చెమట రావాలని నడుస్తరట.
నాకు అడగకుండనే వస్తది.

ఇంకోటి గుడ్డు పెంకుల మీద నడక.
ఇది నాకు తెలుసు!
వారాసిగూడ గుడ్ల దుకాణంల మీటరు
పన్నెండు ట్రేల వెనక, గోడకు.
జబ్బార్ భాయ్ ఊపిరి బిగబట్టి నిలబడుతడు,
నేను కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, మునివేళ్ళ మీద...
అట్లా కాదట.
కోపిష్టి మనిషి ముందు మసలుకునుడట.
అదీ తెలుసు టీచర్.
పెండ్లయినంక తొమ్మిదేండ్లు నడిచిన.
పదో ఏడు కాలు గట్టిగ మోపిన.
ట్రే మొత్తం పోయింది. పోనీ.

ఉరికేటందుకు ముందు నడక నేర్వాలట.
మనోళ్ళయితే
పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగుమన్నరు.
ఆ ఇంట్ల నేను నిలబడే తాగుత.
కూసుంటే ఇంకా ముప్పై రెండు ఇండ్లు మిగిలిపోతయి.

నత్త ఒక్కటే చిత్రం.
రైలెక్కిందో ఓడెక్కిందో
అక్కడా నత్తనడకే, ఇక్కడా నత్తనడకే.
అంత మెల్లగ నడిచే ప్రాణి
అంత దూరం ఎట్లా పోయిందో!

టీచరుకు ఒక కాలు పొట్టి.
ఎడమ బూటుకు రెండంగుళాల తోలు మడమ.
కుట్టేటాయన సికింద్రాబాద్‌ల ఒక్కడే ఉండె, పోయిండు.
అప్పటిసంది అతుకు మీద అతుకు.
ఎదుటివాళ్ళ బూట్లు తొడిగి మైలు నడువుమనే మాట చెప్పిననాడు
నా చూపు గుమ్మం దిక్కు పోయింది.
ఆమె చూసింది. తొడుగు, అన్నది.
తొడిగిన.
మైలెక్కడిది, మీటరు బోర్డు దాకా ఏడడుగులు.
నడుం ఒక దిక్కు, ఇల్లు ఒక దిక్కు ఒరిగినయి.
గోడ పట్టుకున్న.
ఆమె చేతి మరక
సరిగ్గ నా చెయ్యి పడ్డ కాడనే ఉన్నది.

అది పాత మీటరు, లోపల చక్రం తిరిగేది.
ఊరంతటికి మార్చినా ఈమెది ఎట్లనో మిగిలింది.
నల్ల గీత ముందటికొచ్చి, పోయి, మళ్ళా రావాలె.
నిరుడు వానకాలం అరవై రెండు యూనిట్లు.
క్రిస్మస్ నెల, నక్షత్రం కట్టినంక కూడ, నలభై.
ఈ నెల పందొమ్మిది.

ఫ్రిజ్ బందు పెట్టినవా టీచర్?
రాత్రిళ్ళు లైటేస్తలేవా?
కండ్లకు లైటుతోటి ఇప్పుడు పని లేదు,
కాళ్ళకు ఇల్లు కంఠతా వచ్చు, అన్నది.
మరి డాక్టరు?
నడుస్తది, అన్నది.

ఏమనాల్నో తెల్వక
ఆ మాటకు ఇంగ్లీషేంది అని అడిగిన.
ఆలోచించింది. పెదవులు కదిలించి ఆపింది.
చక్రం ఒక సుట్టు తిరిగొచ్చింది, నేను చూస్తనే ఉన్న.
సంచెడు మాటలున్న మనిషి
వట్టి చేతులు చూపి నవ్వింది.

పందొమ్మిదని కొట్టి, బిల్లు చింపి చేతిల పెట్టిన.
గేటు దాకా పోయి
మళ్ళా వచ్చి వరండా బల్బు వేసిన.
టిక్కుమన్నది విన్నది, ఏమనలేదు.
చక్రం జరంత ఉరికింది.