మధ్య సీటు

రాజాం నుంచి ఇజీనారం బస్సు.
కిటికీ పక్క మాయమ్మ తవిటమ్మ,
ఇటు చివర నా కూతురు హారిక, ఒళ్లో కోర్టు ఫైలు.
మధ్యలో నేను.
ఆడాళ్లకి డబ్బుల్లేని టికెట్లు మూడూ
కండక్టరు నా చేతిలోనే పెట్టాడు.

గరివిడి దాటాక అమ్మ అడిగింది:
"ఇంతకీ ఆడు కొట్టాడేటే?"
లేదు.
"తాగుతాడా?"
లేదమ్మా.
"మరేటి?"
హారిక చెవిలో వైరు తీసింది.
"ఆయన ఇంటికొచ్చేసరికి నేను డ్యూటీకెక్కుతాను అమ్మమ్మా.
మిగిలిన ఆదివారాలు
ఎవరి ఫోను వాళ్లు కడుపునిండా చూసుకున్నాం.
తిన్నావా అని అడగడం ఎవరు ముందు మానేశారో
ఇద్దరికీ గుర్తు లేదు. అంతే."

అమ్మ కాసేపు పొలాల వైపు చూసి
"అదీ ఆకలేనే" అంది.

అమ్మకి తెలుసు.
పదిహేడో ఏట గున్నయ్యని వదిలొచ్చింది.
రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చుని
చీపురుపుల్ల విరిచి చెరో ముక్కా ఇచ్చారట.
ఆడిచ్చిన ఓలి నలభై రూపాయలూ
మా నాన్న అసిరయ్య లెక్కపెట్టి తిరిగిచ్చి
ఆ వారంలోనే అమ్మని మారుమనువాడాడు.
మర్నాడు ఇద్దరూ గోగునార తీయడానికి పోయారు.
ఊరు ఏమీ అనుకోలేదు.
ఊరికీ నార పనే ఉంది.

తర్వాత మాకు గౌరవం వచ్చింది.
నాన్నకి జూట్ మిల్లు, మాకు పెంకుటిల్లు,
నాకు పదో తరగతి.
ఓలి పోయి కట్నం వచ్చింది.
మారుమనువన్న మాట
ఇంట్లో బూతైపోయింది.
నా పెళ్లినాడు గున్నయ్య సంగతి
మా అత్తారికి పొక్కకుండా దాచాం.
పందిట్లో అమ్మ చేత అడ్డచుట్ట మానిపించాం.

నిప్పు నోట్లో పెట్టుకుని తాగేది అమ్మ.
పొగ మాత్రం బయటికొదిలేది.
ముప్పైయొక్కేళ్లుగా నేను
పొగ కూడా వదల్లేదు.

కోర్టు వరండాలో అల్లుడు ముందే ఉన్నాడు.
ఎక్కడినుంచో అమ్మకి కుర్చీ తెచ్చాడు.
ఇంకా ఆర్నెల్లు ఆగాలని ప్లీడరు చెబితే
"ఏం బాబూ, మీ కోర్టులో చీపురు లేదా?" అంది అమ్మ.
ఇద్దరూ ఒక్కసారే నవ్వారు,
ఆపుకోలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుని.

ఎనిమిది వందల ప్లేట్ల పెళ్లి వాళ్లది.
డ్రోను కెమెరా పైనుంచి తీసిన వీడియోలో
ఈ నవ్వు లేదు.
నా కాపురంలోనూ లేదు.
అక్కడే గోడకానుకుని, మొత్తం వెతికాను.

తిరుగు బస్సు చీపురుపల్లిలో ఆగినప్పుడు
ఫోను మోగింది. ఆయన.
"ఎప్పుడొస్తావు? అన్నం?"
వచ్చేస్తన్నానండీ అనడం నోటికి అలవాటు.
అమ్మ నా వైపే చూస్తోంది.
"రెండు గ్లాసుల బియ్యం కడగండి" అన్నాను.
"నాలుగు గ్లాసుల నీళ్లు. మూత బిగించండి.
మూడు విజిళ్లు."

అవతల చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత, మెల్లగా,
"గ్లాసంటే... ఏ గ్లాసు?"