చాయ్ రంగు జెండా

కొత్త బట్ట కొత్తగనే కనబడతది,
కెమెరా కాడ దాగదు అన్నడు ఆర్ట్ డైరెక్టర్.
అందుకే యూనియన్ జాక్‌ను
పుత్లీబౌలి ఇరానీ హోటల్ వెనుక
పొద్దుటి డికాషన్ మిగిలిన గంగాళంల ముంచిన.
రెండు వందల ఏండ్ల పాతదనం
నలభై నిమిషాలల్ల పట్టింది దానికి.

ఆ వారం కోఠీ రెసిడెన్సీ ఢిల్లీ అయింది.
రాతి సింహాలకు దుమ్ము దులిపిన్రు.
గేటు బయట బస్సుల హారన్లు
నలభై ఏడుకు పనికిరావట,
తర్వాత తీసేస్తరట.

జెండా దించే సార్జెంటు
లాలాగూడ డెరిక్ అంకుల్.
ముప్పై రెండేండ్లు రైల్వే గార్డుగ పచ్చజెండా ఊపి
ఇప్పుడు సినిమాలల్ల తెల్లోడైతున్నడు.
బగారా బైంగన్ రెండోసారి అడిగి పెట్టించుకుని
మీసానికంటిన పులుసు తుడుచుకుని
సామ్రాజ్యం తాడు పట్టుకున్నడు.

పొద్దుగూకే సీను. దినానికి ఇరవై నిమిషాల వెలుగే.
మొదటి దినం గిరక ఇరికింది.
రెండో దినం గాలి లేదు.
మూడో దినం జెండా సగం దాక వచ్చి
నేను రాను అన్నట్టు ఆగింది.
మూడొందల మంది కృష్ణానగర్ జనం
తెల్ల టోపీల కింద చెమటలు కక్కుతూ
జై హింద్‌ను నోట్లనే ఆపుకున్నరు.

ముందు వరుస పెంటమ్మ అడిగింది:
"అన్నా, మనకు గూడ గీ దినమేనా వచ్చింది?"

నేను సూదిల దారమెక్కిస్తున్న.
బాపమ్మ మతికొచ్చింది.

ఆగస్టు పదిహేను నాడు సుల్తాన్ బజార్ల
దర్జీ దుకాణం తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి
ఆమె తమ్ముడు వెంకోబ మూడు రంగుల గుడ్డ కుట్టిండట.
ఎగిరేసే జాగ లేక
బొంత పొరల నడుమ పెట్టి మళ్ల కుట్టేసిండట.
పదమూడు నెలలు ఆ బొంతే కప్పుకున్నరు.
ఒకసారి సోదాకొచ్చినోళ్లు
బాపమ్మ దగ్గు చూసి
బొంతను ముట్టుకోకుండనే పోయిన్రట.
"వెచ్చగ ఉండెనా?" అని అడిగిన చిన్నప్పుడు.
"ఉక్కపోత బిడ్డా,
ఒకటే ఉక్కపోత."

ఈ ముచ్చట సినిమాల లేదు.
అసోసియేట్‌కు చెప్పి చూసిన.
నిడివి పెరుగుతది అన్నడు.

నాలుగో దినం జెండా దిగింది.
డెరిక్ అంకుల్ మడత పెడుతుంటే చేతులు వణికినయ్.
మానిటర్ ముందట అందరు మెచ్చుకున్నరు.
టోపీ నాకిస్తూ ఆయన మెల్లగ అన్నడు:
"మా డాడీ అప్పుడు బొల్లారంల ఉండె.
పెట్టె సర్దిండు. ఓడ టికెట్ కొన్నడు.
రాత్రంతా ఆ పెట్టె మీదనే కూసొని
తెల్లారి బట్టలు మళ్ల దండెం మీదేసిండు."
ఎందుకని నేనడగలే.
ఆయన చెప్పలే.

"సేఫ్టీకి ఇంకొకటి" అన్నడు డైరెక్టర్.
జెండా మళ్ల పైకెక్కింది.
అప్పుడే వాన.

చాయ్ రంగు కర్ర పొంటి కారింది,
తెల్ల మెట్ల మీద మట్టి వాగులైంది,
సింహం ముట్టె మీద బొట్టు బొట్టుగ పడ్డది.
మీద చూస్తే ఎరుపు ఎర్రగ, నీలం నీలంగ,
నిన్న మిషన్ మీంచి దించినంత కొత్తగ
రెపరెపమన్నది జెండా.
గొడుగుల కింద ఎవ్వరు మాట్లాడలే.
పెంటమ్మ టోపీ పిండుకుంటూ
దాన్నే చూసుకుంట నిలబడ్డది.

బకెట్ పట్టుకుని పుత్లీబౌలికి ఉరికిన.
గల్లా మీది ముసలాయన కండ్లద్దాల మీంచి చూసిండు.
"ఇంకా దిగలేదా మియా?"

"దిగింది చాచా,
మళ్ల ఎక్కిన్రు."

ఆయన ఏమనలే.
లేచి గంగాళం మూత తీసిండు.