పరిగె

దాళ్వా కోతలయ్యాక చేలకేసి ఎవరూ చూడరు.
నేనప్పుడే బయల్దేరతాను, పాత మోపెడు మీద,
సంచిలో పదహారు–పదిహేడు స్పానరు,
డీజిలు మరకల నోటుపుస్తకం.

మొదటి పేజీలో ఏడు మిషన్ల పేర్లు.
కంపెనీ వాళ్లు పెట్టినవి కావు, మేం పెట్టుకున్నవి.
పెద్దక్క. గుర్రంబండి. మొండిచెయ్యి. దగ్గులోడు,
పుష్యమాసం పొద్దున్న నాలుగుసార్లు దగ్గితే గాని
నిద్ర లేచేవాడు కాదు.
మిగతా మూడింటి మీదా వానపడి సిరా అలుక్కుపోయింది.

మొండిచెయ్యి అత్తిలిలో దొరికింది, ఇనుపకొట్టు వెనక,
కట్టరు పళ్ల మధ్య నుంచి పొట్లపాదు పాకించుకుని.
"కేజీ ముప్పయ్యారు" అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండా.
ఎన్ని వేల బస్తాల స్వర్ణ దాని గొంతులోంచి దిగిందో
కాటా ముల్లుకేం తెలుసు.

గుర్రంబండి జల్లెడ మీద
మార్టేరు శివార్లలో ఒక కోడి పొదుగుతోంది.
దాన్ని లేపడానికి మనసొప్పక
నంబరు ప్లేటు మాత్రం తుడిచి చూసుకుని వచ్చేశాను.

ఇంజన్లు మాత్రం ఎక్కడా ఉండవు.
ఒళ్లు ఒక ఊళ్లో, గుండె ఇంకో ఊళ్లో.

పెద్దక్క వచ్చిన రోజు సార్వా పంట ఒరిగి ఉంది.
గట్టు మీద ముప్పై మంది ఆడవాళ్లు,
కొడవళ్లు కొంగుల్లో చుట్టుకుని,
ఎవరూ ఏమీ అనలేదు.
అదే భయమేసింది నాకు.
పంజాబు డ్రైవరు దల్బీరు దేవుణ్ణి తలుచుకుని గేరు వేశాడు.
నాకు పదిహేడేళ్లు. ఇంజనుకి కుడిపక్కన,
దాని శ్వాసకి నా ఎడం చెవి ఆనించి
నిలబడే ఉద్యోగం.

మూడు రోజుల పని ఒక పూటలో అయిపోయింది.
అందరూ వెళ్లిపోయారు, గుడాల సత్తెమ్మ ఒక్కతీ
మిషను జాడల్లో వంగి వంగి పరిగె ఏరుకుంది.
"ఆబగా తినేవాడి కంచం చుట్టూ మెతుకులుంటాయిరా,
ఇదీ అంతే" అంది.
ఆ సాయంత్రం ఆమె ఒళ్లో మానికెడు గింజలు.
ఆ ఏటి కూలి మొత్తం అదే అని
నాకు చాలా ఏళ్లకి గాని లెక్క తెలియలేదు.

మొన్న తణుకులో చెవుల డాక్టరు
కాగితం మీద గీత చూపించాడు.
ఇక్కణ్ణించి కిందకి మీ ఎడం చెవిలో ఏమీ లేదండి, అన్నాడు.
లేకపోవడమేంటి.
అక్కడ పెద్దక్క ఉంది.

ఆకివీడు దాటాక చేలు లేవు, చెరువులే.
నీళ్ల మీద ఎండ, గట్ల మీద మేత బస్తాలు.
మోపెడు ఆపి మంచినీళ్లు తాగుతుంటే వినపడింది.
మూడు దెబ్బలు సరిగ్గా, నాలుగోది కాస్త తడబడి.
ఆ తడబాటు నాదే.
ఒక అర్ధరాత్రి లాంతరు వెలుగులో
తొందరపడి తొడిగిన పిస్టను రింగు అది.
దల్బీరు తిట్టిన తిట్టు కూడా గుర్తొచ్చింది.

తాటాకుల పాక కింద, ఇటుకల మీద కూర్చుని ఉంది,
రంగు లేదు, మూత లేదు,
పొగగొట్టానికి బొర్లించిన కొబ్బరి చిప్ప.
కాలవ నీళ్లు తోడి చెరువులో పోస్తోంది.
గట్టు వంపు చూశాను, లాకుల కేసి చూశాను,
మళ్లీ గట్టు చూశాను.
అదే పొలం. అది మొదట కోసిన పొలం.

"ఎంతకిస్తావు?"
కాపలా పిల్లాడు నవ్వాడు.
"ఇది ఆగితే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి
నోళ్లు తెరుస్తాయండి."

సిలిండరు హెడ్డు మీద చెయ్యి వేశాను.
"కాలుద్దండీ!"
తెలుసు, అన్నాను. కాసేపు తియ్యలేదు.

నోటుపుస్తకం తీసి పెద్దక్క పేరుకెదురుగా
దొరికింది అని రాసి, కొట్టేసి,
పని మీద ఉంది, అని రాశాను.
డీజిలు ఫిల్టరు మార్చమని పిల్లాడికి రెండుసార్లు చెప్పాను.
విన్నాడో లేదో. ఆ చప్పుడులో
నా మాట నాకే వినపడలేదు.