రెండో పిడికిలి

రాత్రంతా పాడారు.
చంఫాయ్ కొండ మీద మంచు దిగి
రేకుల కప్పు చెమర్చి, చూరు చుక్కలు కార్చేదాకా
డోలు ఆగలేదు.
ఎవరినీ ఎవరూ పడుకోమనలేదు.
చావింటిని ఒంటరిగా వదలకపోవడమే
మా ఊళ్లో పరామర్శ.

చీకటుండగానే కుర్రాళ్లు పలుగులు పట్టుకొచ్చారు.
నేనూ తవ్వాను.
మూరెడు లోతు ఎర్రమన్ను, ఆ కింద రాయి,
దెబ్బ దెబ్బకీ పొరలుగా విడిపోతూనే
లొంగని రాయి.
"మీ అవ్వ కూడా అంతే. పైపైనే మెత్తన," అన్నాడు రోఖుమా.
నవ్వాం.
గోతిలో నిలబడి నవ్వితే
ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు పెద్దలు నన్ను నాలుగు మాటలు చెప్పమంటున్నారు.
పరలోకం సంగతి పాస్టరుగారు చెప్పేశారు.
నాకు తెలిసింది
పొయ్యి పక్కనుండే బియ్యం డబ్బా సంగతే.

ఒకప్పుడది కిరసనాయిలు డబ్బా. మూత మీద సొట్ట.
ఎసట్లో బియ్యం పోసేముందు
పిడికెడు తీసి అందులో వేసేది సైఖుమి అవ్వ.
దేవుడి వంతు. ఆదివారం చర్చికి పోయేది.
రోజుకి రెండు పూటలు, అరవై అయిదేళ్లు.
లెక్క మీరే కట్టుకోండి.
అవ్వ కట్టలేదు.

వెదురు పూసిన యేడు,
ఎలుకల దండు కొండ చేలు నాకేసిన యేడు,
ఊరంతా అడవి దుంపల మీద బతికిందట.
అవ్వ అప్పటికి కొత్త కోడలు. కడుపులో పెద్దమామయ్య.
అప్పుడు కూడా పూటపూటా
ఖాళీ పిడికిలి డబ్బాలోకి దించి, విప్పి,
పైకి తీసేదట.
"ఏం వేశావే?" అని అత్త అడిగితే
"చెయ్యి మరిచిపోకుండా," అందట.

అలాగని ఆమెను గోడకి తగిలించే పటం చెయ్యకండి.
చిన్నపిన్ని పోయినప్పుడు
డబ్బా బోర్లించి, దాని మీద కత్తి పెట్టింది.
నలభై రోజులు.
ప్రార్థనకి వచ్చి కూర్చునేది, పెదవి కదిపేది కాదు.
"ఆయనకీ నాకూ మాటల్లేవు," అని పొరుగింటామెతో అంది,
మొగుడి మీద అలిగినట్టు.
తర్వాత ఎవరు ఎవరిని బతిమాలారో!
ఒక పొద్దున్న, దుప్పట్లో ఉండగా విన్నాను:
అడుగు రేకు మీద బియ్యం పడ్డ చప్పుడు,
తొలివాన లాగ.

ఇదంతా మీలో చాలామందికి తెలుసు.
తెలియనిది చెబుతాను.

తొమ్మిదేళ్లప్పుడు ఆ డబ్బాలో నేను దొంగతనం చేశాను.
ఒకసారి కాదు, వానాకాలమంతా.
జేబునిండా పోసుకుని థాంజువాలా కొట్లో ఇచ్చి
గోళీలు కొనుక్కున్నాను.
దేవుడు చూస్తున్నాడని భయమేసేది.
అవ్వ చూస్తుందని అనుకోలేదు.

నిన్న, ఒళ్లు తుడిచి పువాన్ కప్పాక
అమ్మ చెప్పింది.
ఆ వానలన్నాళ్లూ అవ్వ
పూటకి రెండు పిడికిళ్లు తీసేదట.
"ఒకటి దేవుడికి, ఒకటి దొంగకి.
చిన్నవాడు. దేవుడి సొమ్ము తిన్నానన్న బరువు
వాడికెందుకు?"
ఆ రెండోది తన కంచంలోంచి తీసిందేనట.

అవ్వా,
రాత్రి తవ్విన చేతులు బొబ్బలెక్కి
సరిగా ముడుచుకోవడం లేదు.
అలాగే పిడికెడు మన్ను వేశాను.
రెండోది తీసేసరికి రోఖుమా భుజం తట్టాడు,
వెనక ఊరంతా ఉంది, జరగమని.
జరిగాను.

ఆ రెండోది ఇంకా చేతిలోనే ఉంది.
దారి పొడుగునా వేళ్ల సందుల్లోంచి రాలుతోంది.
పొద్దున్న మనింట్లో పొయ్యి వెలగలేదు.
సాయంత్రం ఎవరో వెలిగిస్తారు.
ఎసరు కాగేలోగా
చెయ్యి కడుక్కోవాలి.